పేరు పెట్టి పిలవకు

సుల్తానాబాద్,
12 ఫిబ్రవరి 1965

చిరంజీవి దశరథానికి,

బాపమ్మ పుట్టి బుద్ధెరిగి కొండ చూసి ఉండదని రాశావు. తప్పు. మీ తాతను కట్టుకుని ముప్పై ఏళ్ళు ఆసిఫాబాదులో కాపురం చేశాను. వాకిట్లో నిలబడితే మూడు దిక్కులా గుట్టలే. నాలుగో దిక్కున మీ తాత. చూడవలసిన ఎత్తులన్నీ చూశాను.

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. నీ కుశలం సంగతి ఇంకా తేలలేదు కనుక రాయడం లేదు. నువ్వు పోయింది సెమరాంగ్ పట్నంలో సింధీ సేఠు పెట్టిన కరెంటు మగ్గాలు నడపడానికి. సెలవు దొరికినప్పుడల్లా లారీ ఎక్కి ఆ వాతుకెంబర్ అనే కొండ ఊరికి పోతున్నావు. అక్కడ ఒక ఇంట్లో గది అద్దెకు తీసుకున్నావు. ఇప్పుడు పొగాకు చేను కొంటానంటున్నావు. నాలుగు తరాలుగా మన ఇంట్లో నాగలి పట్టినవాడు లేడు. మీ తాతకు ఒకసారి ఆ పురుగు కుట్టింది. ఇంటికి ఒక్కసారి చాలు.

మీ బాపు కైలాసానికి ఇదేమీ పట్టదు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నేత సహకార సంఘానికి పోయి, "మావోడు జావాల జమీను కొంటుండు, గాడ ఎండకాలంల సుత స్వెట్టరేసుకుంటరట" అని అందరికీ చదివి వినిపించి వచ్చాడు. పోస్టుమాన్ బుచ్చిరాములుకు నీ చేను హద్దులు నాకంటే బాగా తెలుసు.

ఒక్క ప్రశ్న. పరాయి దేశస్థుడికి అక్కడ భూమి రాసిస్తారా? రాయకపోతే ఎవరి పేరు మీద కొంటున్నావు? మంచు ఎట్లా కురుస్తుందో తరువాత వర్ణించవచ్చు. ముందు దీనికి జవాబు రాయి.

ఆశీర్వచనాలతో,
సక్కుబాయి


వాతుకెంబర్, జావా,
20 మార్చి 1965

బాపమ్మకు దశరథం దండాలు.

నువ్వు వద్దన్నావు కాని మంచు గురించి రెండు ముక్కలు రాయకుండా ఉండలేను. సెమరాంగ్ నుంచి లారీలో నాలుగు గంటలు. పైన గుర్రపు బండి. చివరి రెండు మైళ్ళు నడక. ఎక్కే కొద్దీ చెవులు గుయ్యిమంటాయి. నలభై ఇళ్ళ ఊరు, వెదురు తడకల గోడలు. మధ్యాహ్నం దాటితే మబ్బు ఇంట్లోకి నడిచి వచ్చి మనిషి పక్కన కూర్చుంటుంది. తినేది మక్కజొన్నలే, దంచి ఉడికించి, అచ్చం మన గటకలాగా. మొదటి ముద్దకే నీ పొయ్యి గుర్తొచ్చింది.

ఈ ఊళ్ళో ఒక పద్ధతి నాకు నచ్చింది. ఎవరింటికి పోయినా తలుపు కొట్టరు, పేరు పెట్టి పిలవరు. గడప ముందు నిలబడి "కులో నువున్" అని మెల్లగా ఒక మాట అంటారు. లోపలివాళ్ళు "మొంగ్గో" అంటేనే పోవాలి. అనకపోతే వచ్చిన దారినే తిరిగిపోవాలి. అరిచి పిలిస్తే కుక్కను పిలిచినట్టట.

నీ ప్రశ్నకు జవాబు. పాక్ వాగిమన్ పేరు మీద. పాక్ అంటే మన బాపు అన్నట్టు. నాకు గది ఇచ్చింది ఆయనే. యాభై ఏళ్ళ మనిషి, జీవితమంతా పరాయి చేన్లలో పొగాకు కోశాడు. పరాయి దేశస్థుడికి భూమి చెల్లదు కనుక ఊరి దఫ్తరులో ఆయన పేరు ఎక్కింది. భయపడకు, మా ఇద్దరి మధ్య లోపాయికారిగా వేరే కాగితం ఉంది. చేను నాదేనని, ఆయన నా మనిషని, నేను పిలిచినప్పుడు వచ్చి ఒప్పజెప్పాలని. ఆయన వేలిముద్ర, నా సంతకం. అది నా పెట్టెలో భద్రం.

తాత జంగును దాచిన కథ ఆయనకు చెప్పాను. పోలీసులు వెతుకుతుంటే గోండు మనిషిని మగ్గం గుంతలో మూడు రోజులు దాచాడని చెబితే, మగ్గానికి గుంత ఎందుకని అడిగాడు. నేసేవాళ్ళు కాళ్ళు జారవిడిచి కూర్చోవడానికని బొమ్మ గీసి చూపించాను. బొమ్మ చూసి, "మీ తాత మంచివాడు" అన్నాడు. అన్నట్టు, జంగు పెండ్లాం మారుబాయి ఏటా పంపే జొన్నల బస్తా ఈసారి వచ్చిందా? చేసిన మేలు పదిహేనేళ్ళు గుర్తుపెట్టుకునే మనుషులు ఇంకా ఉన్నారు.

నీ
దశరథం


సుల్తానాబాద్,
4 మే 1965

చిరంజీవి దశరథానికి,

నీ లోపాయికారి కాగితం చూడకుండానే అప్పజెప్పగలను. అలాంటిదే ఉర్దూలో ఒకటి నా పెట్టె అడుగున ఉంది. గోండు భూములు బయటివాళ్ళు కొనకూడదని నిజాం సర్కారు చివరి రోజుల్లో కట్టడి పెట్టింది. మీ తాత చీరల మూట దించి, గుట్ట కింద చేను ఒకటి జంగు పేరు మీద కొన్నాడు. జంగు తన మనిషని, పిలిస్తే వచ్చి ఒప్పజెప్పాలని కాగితం రాయించుకున్నాడు. రాసింది ఎవరనుకున్నావు? ఆసిఫాబాదులో నాకంటే మంచి దస్తూరీ తహసీలులో కూడా లేదని అనేవారు. మా నాన్న మూడు భాషలు నేర్పింది ఇందుకే అని నేను కూడా మురిసిపోయాను.

ఆ కాగితం చింపేయి. చేను పోతే పోనీ. పోగు తెగితే అతుకుతాం, బట్టంతా చినిగితే అతకలేం. ఎందుకు చింపాలో అడగకు. నేను ఒక పని చెప్పి కారణం చెప్పకపోవడం నువ్వు పుట్టిన తరువాత ఇదే మొదలు. అది చూసైనా నా మాట బరువు తెలుసుకో.

జొన్నల బస్తా వచ్చింది. నా కోడలు, అదే మీ అవ్వ, రొట్టెలు చేస్తున్నది. నేను తినడం లేదు. నాకు జొన్న పడదని నీకు తెలుసు.

సక్కుబాయి


వాతుకెంబర్,
29 ఆగస్టు 1965

బాపమ్మకు దండాలు.

నీ మాట వినలేదు. కాగితం చింపితే నా రెండేళ్ళ కష్టం గాలిలో కలుస్తుంది. కోప్పడకు.

పొగాకు కోతలు మొదలయ్యాయి. ఆకును సన్నగా తరిగి వెదురు తట్టల మీద పరిచి ఇండ్ల ముందు, దారి వెంట, ఆఖరుకు సమాధుల పక్కన కూడా ఎండబెడతారు. ఊరంతా తేనె మాడినట్టు ఒక వాసన. మబ్బు దిగితే ఇంటిల్లిపాదీ ఉరికి తట్టలు లోపల పెట్టాలి. నేను కూడా ఉరుకుతున్నాను. నన్ను చూసి ఆడవాళ్ళు నవ్వుతారు.

పాక్ వాగిమన్‌కు ఇప్పుడు ఊళ్ళో మర్యాద పెరిగింది. చేను ఆయనదే అనుకుంటారు కదా. రైతు సంఘంవాళ్ళు వచ్చి చేరమన్నారు, చేరాడు. సభలో ముందు వరుసలో కూర్చోబెట్టారట. కొత్త టోపీ కొనుక్కుని నాకు చూపించాడు. సంఘానికీ మసీదు వైపు వాళ్ళకూ ఏవో మాటలు నడుస్తున్నాయి. మొన్న కుళాయి దగ్గర రెండు కుండలు పగిలాయి. నాకు సంబంధం లేని విషయం.

దశరథం


సెమరాంగ్,
9 నవంబరు 1965

బాపమ్మకు.

ఇక్కడ ఉత్తరాలు విప్పుతున్నారు. తెలుగు చదివేవాడు ఈ ఊళ్ళో నేనొక్కడినే, అయినా ఆ మనిషి పేరు రాయను.

రాజధానిలో సెప్టెంబరు ఆఖరున సేనాపతులను చంపిన సంగతి మీ రేడియోలో వినే ఉంటారు. అది కమ్యూనిస్టుల పని అని, రైతు సంఘం వాళ్ళదేనని అంటున్నారు, దాని మంట కొండమీదికి వచ్చింది. రైతు సంఘంలో పేరున్న ప్రతివాణ్ణీ పట్టుకుపోతున్నారు. పొద్దున లారీ వస్తుంది, ఒక కాగితం చూసి పేర్లు చదువుతారు. పేరు వినబడగానే మనిషి చేతిలో పని కింద పెట్టి లేచి వాళ్ళ వెంట పోతాడు. ఎవరూ తప్పించుకుని ఉరకడం లేదు, బాపమ్మా. అదే నాకు అన్నిటికంటే భయంగా ఉంది. పట్టుకుపోయినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. కింది వాగులో బట్టలు ఉతకడం మానేశారు. ఎందుకని అడగలేదు.

ఆ మనిషి పేరు చదివిన రోజు ఆయన నాతో పాటు సెమరాంగ్‌లో ఉన్నాడు, పొగాకు బేళ్ళు దించడానికి వచ్చి. అప్పటి నుంచి మిల్లు వెనుక నూలు పెట్టెల గదిలో ఉంటున్నాడు. సేఠుకు తెలియదు. అన్నం నేనే పెడుతున్నాను. చేను పేరుతో నేను ఆయన మెడకు ఏం కట్టానో ఇప్పుడు తెలుస్తున్నది. చేను లేకపోతే ఆయన్ను సంఘం పిలిచేది కాదు. సంఘం లేకపోతే పేరు చదివేవారు కాదు.

మొన్న ఇద్దరు ఆఫీసర్లు నా దగ్గరికి వచ్చారు. "కొండమీద ఆ చేను నీదంటున్నారు. నీదైతే రుజువు చూపించు. నీది కాకపోతే వాడితో నీకేం పని?" అన్నారు. డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ వస్తామన్నారు. కాగితం చూపిస్తే నేను యజమానిని, ఆయన కూలిమనిషి, సంఘంతో నాకు పొత్తు లేదు అని తేలుతుంది. ఆయన పేరు జాబితాలో ఎట్లాగూ ఉంది. కాగితం వల్ల ఆయనకు కొత్తగా వచ్చే ఆపద ఏముంది?

నాకు నిద్ర లేదు. మగ్గం మీద పోగులు తెంపుతున్నాను. తాత అయితే ఏం చేసేవాడు? రాయి. తొందరగా రాయి.

దశరథం


తంతి
కరీంనగర్, 25 నవంబరు 1965

జంగు కాగితం కాల్చు. జంగును పేరు పెట్టి పిలవకు. ఎవరు చెప్పినా పిలవకు.
బాపమ్మ


సుల్తానాబాద్,
6 జనవరి 1966

చిరంజీవి దశరథానికి,

తంతి అందిందో లేదో తెలియదు. నలభై రెండు రోజులైంది. సెమరాంగ్ అడ్రసుకే రాస్తున్నాను, వేరే అడ్రసు నా దగ్గర లేదు.

తంతి కొట్టడానికి బస్సులో కరీంనగర్ పోయాను, నడుము విరిగింది. అక్కడి బాబు నా కాగితం చూసి, "గీ జంగు ఎవరవ్వా?" అన్నాడు. మా ఎద్దు అన్నాను. "ఎద్దును పిలవొద్దని జావాకు తంతి కొడుతున్నవా?" అన్నాడు. పొడిచే ఎద్దు బిడ్డా, అన్నాను. నా మొహం చూసి, మాటలు లెక్కపెట్టి డబ్బులు తీసుకున్నాడు.

బుచ్చిరాములు మన వాకిలి ముందు సైకిలు దిగి నడిపించుకుంటూ పోతున్నాడు. మనకు ఉత్తరం లేదు. మీ బాపు సంఘానికి పోవడం మానేశాడు. మీ అవ్వ నీ స్వెట్టరు వేసుకున్న ఫోటో గోడ నుంచి తీసి పెట్టెలో దాచింది, మళ్ళీ తీసి గోడకు పెట్టింది. గోడ మీద ఉంటే పోయినవాళ్ళ ఫోటోలా ఉందట. నేనే కసిరి పెట్టించాను.

నాకు రెండు భయాలు ఉన్నాయి. ఒకటి అందరికీ ఉన్నదే. రెండోది ఇంట్లో ఎవరికీ చెప్పలేనిది. నువ్వు బతికి వచ్చినా ఆ రెండోది జరిగి ఉంటే నీ మొహం నేను ఎట్లా చూడాలి, నా మొహం నువ్వు ఎట్లా చూడాలి?

ఒక ముక్క రాయి. ఖాళీ కవరు పంపినా చాలు, అడ్రసు నీ చేతితో ఉండాలి.

సక్కుబాయి


మద్రాసు,
7 ఫిబ్రవరి 1966

బాపమ్మకు దశరథం దండాలు.

నిన్న ఓడ దిగాను. రేవు దగ్గర సత్రంలో ఉన్నాను, జ్వరం తగ్గాక బయలుదేరుతాను. ఎడమ చెవి సరిగా వినబడదు. మిగతా అంతా ఉంది.

తంతి నవంబరు ఆఖరున అందింది. చదివాను. తరువాత కాగితం కాల్చాను. ఎందుకో అర్థం కాలేదు కాని నువ్వు బస్సెక్కి పోయి కొట్టిన తంతి అని అర్థమైంది.

చెప్పిన వారమే ఆ ఆఫీసర్లు వచ్చారు. రుజువు లేదన్నాను. చేను ఆయనదేనని, నేనే ఆయన దగ్గర కౌలుకు తీసుకున్నానని చెప్పాను. ఒకడు పడీపడీ నవ్వాడు. కరెంటు మగ్గాల మేస్త్రీ కొండమీది పొగాకు కూలికి కౌలుదారా అని. రెండోవాడు నవ్వలేదు. నన్ను మిల్లు వెనక్కి తీసుకుపోయి వరసగా ఉన్న గదుల ముందు నిలబెట్టాడు. "వాడు ఇక్కడే ఉన్నాడని అంటున్నారు. ఇన్ని పెట్టెలు వెతకడం ఎందుకు, నువ్వు గట్టిగా పిలువు. నీ గొంతు వింటే వస్తాడు" అన్నాడు.

అప్పుడు నీ తంతి అర్థమైంది. ఆయన మూడు గజాల దూరంలో పెట్టెల వెనుక ఉన్నాడు. నేను పిలిస్తే వచ్చేవాడు. తప్పకుండా వచ్చేవాడు, బాపమ్మా.

"కౌలుదారు పిలిస్తే భూమి యజమాని వస్తాడా?" అన్నాను. అప్పుడే చెవి పోయింది. పిలవలేదు. పదకొండు రోజులు ఉంచుకున్నారు. సేఠు ఎవరెవరినో పట్టుకుని, నన్ను దేశం నుంచి పంపించేటట్టు ఒప్పందం చేసి విడిపించాడు. తిరిగి వచ్చి చూస్తే గది ఖాళీగా ఉంది. తలుపు పగలగొట్టి లేదు. నేను అన్నం పెట్టిన పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. ఆయన పోయాడో, తీసుకుపోయారో తెలియదు. ఎప్పటికీ తెలియదేమో. తీసుకుపోయే మనుషులు పళ్ళెం కడగనివ్వరు కదా? ఓడలో రోజూ ఈ ఒక్క మాటే అనుకున్నాను.

చేను పోయింది. బాధ లేదు. తాత లాగే నేను కూడా ఒక మనిషిని దాచాను. ఆ తృప్తి చాలు.

దశరథం


సుల్తానాబాద్,
12 ఫిబ్రవరి 1966

చిరంజీవి దశరథానికి,

తాత లాగే చేశానని రాశావు. తప్పు. ఈ తప్పు నేనే నీకు నేర్పాను కనుక నేనే దిద్దుతాను.

జంగును మగ్గం గుంతలో దాచిన మాట నిజం. మూడు రోజులు. నువ్వు విన్న కథ అక్కడిదాకే. నలభై తొమ్మిది, కార్తీకమాసం. అడవిలో పార్టీవాళ్ళకు అంబలి పోశాడని జంగు కోసం వెతుకుతున్నారు. మూడో రోజు మధ్యాహ్నం పోలీసు అమీను వచ్చాడు. నేను మగ్గం మీద ఉన్నాను. జంగు నా కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చున్నాడు. అతని ఊపిరి నా మడమలకు తగులుతున్నది.

చేను జంగు పేరు మీద ఉంది, పంట నువ్వు తెచ్చుకుంటున్నావు, అంటే మీరిద్దరూ ఒకటే కదా అని అమీను మీ తాతను అడిగాడు. మీ తాత ఎంత భయపడ్డాడో నేను చెప్పను, పోయిన మనిషి. నా వైపు చూసి కాగితం తెమ్మన్నాడు. పెట్టె తాళం నా మొలన ఉంది. నేయడం ఆపి, గుంతలోంచి కాళ్ళు పైకి తీసి, లేచి వెళ్ళి తెచ్చి ఇచ్చాను. మళ్ళీ వచ్చి మగ్గం మీద కూర్చున్నాను. అమీను చదివాడు, దస్తూరీ బాగుందన్నాడు. "నీ మనిషే అయితే నువ్వు పిలిస్తే రావాలె గద. పిలువు" అన్నాడు.

మీ తాత పిలిచాడు. "జంగూ, జర ఇటు రా."

కోపంగా కాదు. రోజూ పిలిచినట్టే. చీరల మూట ఎత్తడానికి పిలిచినట్టు. "వస్తున్న మాలిక్" అని జంగు నా కాళ్ళ మధ్య నుంచి లేచాడు. మగ్గం మీద పోగులు తెగకుండా చేత్తో పక్కకు జరుపుకుంటూ మెల్లగా పైకి వచ్చాడు. ఒక్క పోగు కూడా తెగలేదు. అతన్ని లారీ ఎక్కించారు. తిరిగి రాలేదు. నేను కాళ్ళు అడ్డం పెట్టి ఉండవచ్చు. ఒక్క కాలు అతని భుజం మీద గట్టిగా ఆనిస్తే అర్థమయ్యేది. పెట్టలేదు. పదహారేళ్ళుగా ఆ కాళ్ళతోనే నడుస్తున్నాను.

మరుసటేడు మేము సుల్తానాబాద్ వచ్చేశాం. ఆ పై ఏడు మొదటి జొన్నల బస్తా వచ్చింది. మేలు చేసినందుకు పంపిందని మీ బాపు అనుకున్నాడు, జంగును తీసుకుపోయిన రోజు ఆయన ఇంట్లో లేడు. మేలు కాదు. మారుబాయికి కాగితం సంగతి తెలుసు. మనం ఆ కాగితం పట్టుకుని వచ్చి చేను అడుగుతామని, ఇంకెవరినో పిలుస్తామని భయపడి పంపుతున్నది. మనం ఎన్నడూ అడగలేదు. వద్దని కూడా చెప్పలేదు. పదిహేను బస్తాలు మన ఇంట్లో అరిగిపోయాయి. ఈ ఏటిది పదహారోది. విప్పనివ్వలేదు.

నువ్వు మీ తాత లాగా చేయలేదు. అది ఈ ముసలిదానికి నువ్వు తెచ్చిన సొమ్ము. వాగిమన్ పళ్ళెం కడిగి పోయాడనే నేను కూడా అనుకుంటాను. ఇద్దరం అనుకుందాం.

ఇక నీ పని. ఉర్దూ కాగితం ఈ కవరులోనే పెట్టాను, రిజిస్టరు చేసి పంపుతున్నాను. జ్వరం తగ్గాకే బయలుదేరు, ఏ రోజు వస్తావో మీ బాపుకు తంతి కొట్టు. కాజీపేటలో బండి మారి బల్లార్షా పాసింజరు ఎక్కు. పెద్దపల్లిలో దిగకు, మీ అవ్వ ఏడ్చినా దిగకు. ఆసిఫాబాద్ రోడ్డు దాకా టికెట్ తీసుకో. పెద్దపల్లి ప్లాట్‌ఫారం మీద మీ బాపు ఆ బస్తా పెట్టుకుని నిలబడతాడు. రైలు పెట్టెలోకి ఎక్కించుకో. స్టేషను నుంచి బస్సు దొరుకుతుంది, గుట్ట కిందికి ఎడ్లబండి మాట్లాడుకో. మారుబాయి ఇల్లు చింతచెట్టు దాటాక మూడోది.

ఇంటి ముందు నిలబడు. పిలవకు. ఆమె చూసి రమ్మనేదాకా నిలబడు, నీకు ఆ పద్ధతి వచ్చు. రమ్మనకపోతే బస్తా, కాగితం గడప దగ్గర పెట్టి తిరిగి వచ్చేయి. రమ్మంటే కాగితం ఆమె చేతికి ఇవ్వు, పొయ్యిలో ఆమే వేసుకుంటుంది, నువ్వు వేయకు. బస్తా మూతికి ఆమె కట్టిన ముడి అట్లాగే ఉంది, విప్పకు. ఒక మూల ఎలుక కొరికింది. దబ్బనం, పురికొస మీ బాపు జేబులో పెట్టి పంపుతాను. రైల్లో కూర్చుని గట్టిగా రెండు వరుసలు కుట్టు, గింజ రాలకూడదు.

సక్కుబాయి